438 కొట్టేసి 482 రాసిన రోజు: కొత్త క్రిమినల్ చట్టాలతో నా మొదటి ఇంటర్న్‌షిప్

2024 జూలై 1, సోమవారం. మా సీనియర్ లాయరు గారి ఆఫీసులో నా ఇంటర్న్‌షిప్ మొదటి రోజు. దేశమంతా కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చిన రోజు కూడా అదే. నేనేం ముహూర్తం చూసుకుని చేరలేదు. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, "ఆషాఢం వచ్చేలోపు చేరిపో" అని అమ్మ అంది, చేరిపోయాను. అంతే.

ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో నాకు అప్పటికి మూడేళ్లు పూర్తయ్యాయి. నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ, సాక్ష్యాల సంగతి చెప్పే ఎవిడెన్స్ యాక్ట్ మూడూ చదివి, పరీక్షలు రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. 302 అంటే హత్య, 307 హత్యాయత్నం, 376 అత్యాచారం, 498ఏ భర్త, అత్తమామల వేధింపులు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. ఆ మూడు చట్టాల స్థానంలో కొత్త బిల్లులు 2023 డిసెంబరులోనే పార్లమెంటులో పాసై, 25న రాష్ట్రపతి సంతకం కూడా అయింది. మా బ్యాచ్ మాత్రం ఆ తర్వాత కూడా పాత చట్టంలోనే పరీక్ష రాసింది. హాలు నుంచి బయటికొస్తూ "పోయినోళ్లకి పిండం పెట్టినట్టుంది" అన్నాడు మా క్లాస్‌మేట్ ఒకడు. అందరం నవ్వాం.

ఆఫీసులో బల్ల మీద రెండు కట్టలున్నాయి. ఒకటి నలిగి, అట్టలు ఊడిపోయిన పాత బేర్ యాక్టులు, అంటే చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు. రెండోది ఆ మూడింటి స్థానంలో వరుసగా వచ్చిన, ఇంకా కొత్త కాగితం వాసన పోని భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం. కోర్టులో ఈ పేర్లు పూర్తిగా పలికినవాళ్లను నేను చూళ్లేదు. బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్, బీఎస్‌ఏ, అంతే. పాత పుస్తకాలు బీరువాలో పెట్టేయమంటారేమోనని అడిగాను.

"వద్దమ్మా," అన్నారు సీనియర్ గారు. "నేను రిటైరయ్యేదాకా రెండూ బల్ల మీదే ఉంటాయి."

ఎందుకన్నారో నాకు అర్థం కావడానికి పన్నెండు రోజులు పట్టింది.

మొదటి వారమంతా నంబర్ల గోలే. ఐపీసీలో 511 సెక్షన్లుంటే బీఎన్‌ఎస్‌లో 358. నేరాలు తగ్గి సెక్షన్లు తగ్గాయనుకోకండి, విడివిడిగా ఉన్న నిర్వచనాలన్నీ ఒక్క సెక్షన్‌లో పోగేశారు, చాలావాటిని కలిపేశారు. హత్య 103కి వెళ్లింది. 302 కింద ఇప్పుడు ఉన్నది మతభావాలను గాయపరచాలని మాటలనడం. ఇక 420 అనే నంబరే లేదు, పుస్తకం 358తో అయిపోతుంది కాబట్టి. మోసం ఇప్పుడు 318(4). ఊళ్లో మాత్రం ఫోర్ ట్వంటీగాడు ఫోర్ ట్వంటీగాడే. త్రీ ఎయిటీన్ సబ్ క్లాజ్ ఫోర్‌గాడు అని ఎవరు తిడతారు చెప్పండి?

అన్నిటికన్నా తమాషా 144. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో "144 సెక్షన్ పెట్టారు" అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. అది ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 163. కొత్త చట్టంలో 144 అంటే భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు ఇచ్చే మనోవర్తి, అంటే పాత 125. ఈ సంగతి చెబితే అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఇకమీదట మొగుడి మీద 144 పెట్టొచ్చన్నమాట" అంది. సీనియర్ గారికి చెబితే ఆయన కోర్టు హాల్లో నలుగురికి చెప్పారు.

అసలు విషయానికొస్తాను.

జూలై రెండో వారంలో ఒక కుర్రాడు ఆఫీసుకొచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాళ్లమ్మ వీధిలో చీటీలు వేసేది. 2022లో మొదలైన చీటీ 2024 ఏప్రిల్‌లో ఆగిపోయింది, పాడుకున్నవాళ్లలో కొందరికి డబ్బు రాలేదు. 9వ తారీఖున స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయింది. తల్లి ఏ1. నెలనెలా ఇళ్లకు తిరిగి డబ్బు వసూలు చేశాడని ఆటో నడిపే తండ్రి ఏ2. అరెస్టు చేస్తారన్న భయంతో తండ్రి ఆ రాత్రే చెల్లెలి ఊరు వెళ్లిపోయాడు. ముందస్తు బెయిల్ కావాలి.

ఎఫ్‌ఐఆర్ కాపీ చూసి నాకు మతిపోయింది. పైన ఫారం మీద బీఎన్‌ఎస్‌ఎస్ 173 అని ఉంది. కింద నేరం దగ్గర ఐపీసీ 420 రెడ్ విత్ 34 (మోసం, ఉమ్మడి ఉద్దేశంతో) అని ఉంది. ఒకే కాగితంలో ఒకటి కొత్త చట్టం, ఒకటి పాతది. స్టేషన్ రైటర్ పొరపాటున రాశాడేమో అన్నాను. సీనియర్ గారు తల కూడా ఎత్తలేదు. "కరెక్టుగానే రాశాడు. ఎందుకో రేపు నువ్వే చెప్పాలి," అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని బేర్ యాక్టు చివరి పేజీలు తిరగేశాను. నిజం చెప్పాలంటే మూడేళ్లలో ఏ చట్టానికీ చివరి సెక్షన్ చదవలేదు. రద్దు, మినహాయింపులు అని ఉంటుంది, దాన్ని ఎవరూ పరీక్షలో అడగరు. బీఎన్‌ఎస్‌లో అది 358వ సెక్షన్. ఐపీసీ రద్దయినా, అది అమల్లో ఉండగా జరిగిన నేరానికి బాధ్యత, శిక్ష పోవని చెబుతుంది. దాని వెనక రాజ్యాంగం ఆర్టికల్ 20(1) ఉంది: ఒక పని చేసిన రోజున అమల్లో ఉన్న చట్టం ప్రకారమే ఎవరినైనా దోషి అనాలి. చీటీ ఆగిపోయింది ఏప్రిల్‌లో కాబట్టి నేరం ఐపీసీదే. ఎఫ్‌ఐఆర్ అయింది మాత్రం జూలైలో. బీఎన్‌ఎస్‌ఎస్ 531 ప్రకారం జూలై 1కి ముందే నడుస్తున్న దర్యాప్తులు, విచారణలు, అప్పీళ్లే పాత సీఆర్‌పీసీలో సాగుతాయి. కొత్తగా మొదలైంది కొత్త పద్ధతిలోనే నడవాలి. అంటే నేరానికి పాత చట్టం, దర్యాప్తుకి కొత్త చట్టం. మరుసటి నెలలో అలహాబాద్ హైకోర్టు దీపు కేసులో సరిగ్గా ఇదే మాట చెప్పింది. ఆ తీర్పు చదువుతుంటే నా నోట్సు నేనే చదువుకుంటున్నట్టు కాస్త గర్వంగా అనిపించింది.

కానీ ఆ గర్వం పడాల్సినదానికంటే ముందు ఒక బుద్ధి తక్కువ పని చేశాను.

పిటిషన్ టైప్ చేసే పని నాకిచ్చారు. గుమాస్తా బాబాయి కంప్యూటర్లో పాత పిటిషన్ల ఫోల్డరు ఒకటుంది. అందులో "ఏబీ పిటిషన్ న్యూ" అనే ముందస్తు బెయిల్ ఫైలు తెరిచి పేర్లు, క్రైమ్ నంబరు, తారీఖులు మార్చాను. గ్రౌండ్స్, అంటే బెయిల్ ఎందుకివ్వాలో కారణాలు, చక్కగా రాశాను. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమనీ, 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలనీ, ఆ నోటీసు సెక్షన్ 41ఏ స్థానంలో ఇప్పుడు 35(3) ఉందనీ కూడా రాశాను. సీనియర్ గారు గ్రౌండ్స్ చదివి, బాగుందని సంతకం పెట్టారు. పై తలకట్టు ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అక్కడ "అండర్ సెక్షన్ 438 ఆఫ్ సీఆర్‌పీసీ" అని ముందస్తు బెయిల్ పాత సెక్షనే అలాగే ఉండిపోయింది. ఆ "న్యూ" ఫైలు ఎప్పటి న్యూనో ఎవరికీ తెలియదు.

జూలై 12, శుక్రవారం మధ్యాహ్నం ఫైలింగ్ సెక్షన్‌లో వేశాం. సాయంత్రం నాలుగున్నరకి తిరిగొచ్చింది. డాకెట్ (పిటిషన్ పై అట్ట) వెనక ఎర్ర ఇంకుతో ఒక్క లైను: "2024 జూలై 1 తర్వాత దాఖలైన ఈ పిటిషన్ 438 సీఆర్‌పీసీ కింద ఎలా నిలుస్తుంది? రిటర్న్."

మళ్లీ టైప్ చేసి పరిగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. మరుసటి రోజు రెండో శనివారం. ఆ తర్వాత ఆదివారం. నంబరు పడాలంటే సోమవారం దాకా ఆగాలి.

ఆ కుర్రాడు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. "అక్కా, అయిపోయిందా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. సోమవారం అవుతుందని చెప్పాను. ఎందుకని అడగలేదు, "నాన్నకి ఫోన్ చేసి చెప్తాను" అని బయటికెళ్లాడు. ఫోన్లో మాట్లాడుతూ "ఇంకో మూడు రోజులు అక్కడే ఉండు నాన్నా" అనడం వినిపించింది. తప్పు నాదని ఆ రోజు అతనికి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

సీనియర్ గారు తిట్టలేదు. డ్రాయర్లోంచి స్కేలు తీసి 438 మీద అడ్డంగా గీత గీసి, పక్కన 482 అని రాసి, చిన్న సంతకం పెట్టి, "ఇది టైప్ చేసి తీసుకురా" అన్నారు. అప్పుడు మరో చిక్కు వచ్చింది. నాకు తెలిసిన 482 వేరు. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టుకి ఉన్న ప్రత్యేక అధికారం, కేసు కొట్టేయమని వేసే క్వాష్ పిటిషన్. సెషన్స్ కోర్టులో 482 ఏమిటని అనుమానమొచ్చి అడిగాను. "ఆ 482 పోయి 528లో కూర్చుంది. దాని కుర్చీలో ఇది కూర్చుంది," అన్నారు బాబాయి టీ తాగుతూ. ఆయన చదివింది పదో తరగతి. సోమవారం ఉదయం నేను వచ్చేసరికి ఆయనే కంప్యూటర్లో రెండు ఫోల్డర్లు చేసి పెట్టారు: "482 పాత", "482 కొత్త".

సోమవారం నంబరు పడింది. సీడీ ఫైలు (పోలీసుల కేసు డైరీ) తెప్పించాలని సర్కారు లాయరు పీపీ గారు టైమ్ అడిగారు, బుధవారం మొహర్రం సెలవు, అలా అలా ఆర్డరు ఇంకో వారానికి వచ్చింది. ఇద్దరు షూరిటీలు పెట్టాలని, పిలిచినప్పుడల్లా స్టేషన్‌కి వెళ్లాలని షరతులతో బెయిల్ ఇచ్చారు. తండ్రిని అప్పుడే మొదటిసారి చూశాను. ఆటో డ్రైవర్ల ఖాకీ చొక్కాలోనే వచ్చాడు.

సెప్టెంబరులో కాలేజీలో డిబేట్ పెట్టారు. "కొత్త క్రిమినల్ చట్టాలు: వలస పాలన నుంచి విముక్తా, పేర్ల మార్పా?" చీటీ తీస్తే నాకు "విముక్తి" వైపు వచ్చింది. మనసేమో అటువైపు లేదు. అయినా వాదించాలి, లా కాలేజీలో నేర్పేదే అది కదా.

మా వైపు చెప్పుకోదగ్గవి లేకపోలేదు. సోదాలు, జప్తులు వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. పరిధి ఎవరిదైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. మూక హత్యకి 103(2) అని విడిగా సెక్షన్ వచ్చింది. ఐదు వేల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే జైలు బదులు సమాజ సేవ. ఈ చివరిది చెప్పినప్పుడు హాల్లో చప్పట్లు పడ్డాయి.

అటువైపు నుంచి మొదట రాజద్రోహం తెచ్చారు. 2022 మేలో సుప్రీంకోర్టు 124ఏని పక్కన పెట్టింది, కొత్త చట్టంలో ఆ పేరు లేదు. కానీ 152 ఉంది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే పనులు, మాటలు. పాతదాంట్లో యావజ్జీవం, లేదంటే మూడేళ్ల దాకా. కొత్తదాంట్లో యావజ్జీవం, లేదంటే ఏడేళ్ల దాకా. "పేరు తీసేసి నాలుగేళ్లు కలిపారు" అని అటువైపు అమ్మాయి ఒకరు అనేసరికి మా దగ్గర జవాబు తడబడింది.

రెండో దెబ్బ 377, ఐపీసీలో "ప్రకృతి విరుద్ధ" లైంగిక సంబంధాల సెక్షన్. 2018లో నవతేజ్ జోహార్ తీర్పులో సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన సంబంధాలను మాత్రమే నేరం కాదంది. బలవంతం చేస్తే ఆ సెక్షన్ అలాగే నిలిచింది. కొత్త చట్టంలో మొత్తానికే ఎత్తేశారు. అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు స్త్రీయే. మరి ఒక మగవాడి మీద బలాత్కారం జరిగితే ఏ సెక్షన్ పెట్టాలి? గాయం, నిర్బంధం లాంటివి పెట్టుకోవాలి. ఢిల్లీ హైకోర్టు ఆ ఆగస్టులోనే దీని మీద ఏదో ఒకటి తేల్చమని కేంద్రానికి చెప్పింది. మా టీమ్ దీనికి ఏ జవాబూ తయారు చేసుకోలేదు, ఎందుకంటే జవాబు లేదు. నా లెక్కలో మొత్తం మార్పులోకెల్లా పెద్ద కన్నం ఇదే. దీని గురించి అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు.

మేం కాస్త నిలబడింది పోలీసు కస్టడీ దగ్గర. పాత చట్టంలో పోలీసు కస్టడీ పదిహేను రోజులు, అదీ అరెస్టయిన మొదటి పదిహేను రోజుల్లోనే అని 1992లో అనుపమ్ కులకర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 187లో మొత్తం పదిహేను రోజులే, కానీ నేరాన్ని బట్టి మొదటి నలభై లేదా అరవై రోజుల్లో ఎప్పుడైనా, విడతలు విడతలుగా తీసుకోవచ్చు. "ఇంకా కస్టడీ మిగిలుంది, బెయిల్ ఇవ్వొద్దు అని రోజూ అంటారు" అన్నారు అటువైపు. నేను బెయిల్ సెక్షన్ 480లోని ప్రొవైజో (సెక్షన్‌కి చేర్చిన షరతు) చదివాను: మొదటి పదిహేను రోజుల తర్వాత పోలీసు కస్టడీకి కావాల్సి రావచ్చన్న ఒక్క కారణంతో, అర్హత ఉన్నవాడికి బెయిల్ కాదనడానికి వీల్లేదు. ముందు రాత్రి దాన్ని పట్టుకున్నప్పుడు నిధి దొరికినంత సంబరపడ్డాను.

తీర్పు చెప్పడానికొచ్చిన రిటైర్డ్ జడ్జి గారు కళ్లజోడు తీసి అడిగారు: "బాగా చదివావమ్మా. రిమాండుకి తెచ్చిన రోజున, వకీలు లేని ముద్దాయి తరఫున ఈ ప్రొవైజో ఎవరు చదువుతారు?"

లీగల్ ఎయిడ్ వాళ్లు అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు. మేం ఓడిపోయాం. బయటికొచ్చాక ఆ అమ్మాయి నా ప్రొవైజో పేజీ ఫొటో తీసుకుంది.

బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం ఐదేళ్ల కోర్సువాళ్లకి మొత్తం ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. అందుకని రెండో విడత సంక్రాంతి అయ్యాక, 2025 జనవరి చివర్లో మళ్లీ అదే ఆఫీసులో. అప్పటికి నేను నంబర్లు తప్పులేకుండా చెబుతున్నాను. కోర్టులో మాత్రం అందరూ ఇంకా రెండు భాషలు మాట్లాడుతున్నారు. "నూట పద్దెనిమిది ఒకటి, అంటే పాత మూడొందల ఇరవై నాలుగు" అని ఏపీపీ గారు అంటే, ముద్దాయి తరఫు లాయరు గారు ముక్కు మీద వేలేసుకుని ఛార్టు చూసుకునేవారు. ఆ ఛార్టు లామినేషన్ చేయించి జేబులో పెట్టుకున్నవాళ్లు చాలామంది.

ఒక డెలివరీ కుర్రాడు వచ్చాడు. బండి పార్కింగ్ దగ్గర పక్కింటాయనతో గొడవ, కర్రతో కొట్టాడని 118(1). స్టేషన్ నుంచి 35(3) నోటీసు వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిందట. ఇతనేమో ఫోన్ పగిలి కొత్తది కొన్నాడు, ఆ మెసేజ్ చూడనే లేదు. నోటీసు ఇచ్చినా రాలేదు కాబట్టి అరెస్టు చేస్తామని కబురొచ్చింది. హాజరు కాకపోతే అరెస్టు చేయడానికి అదే సెక్షన్‌లో వీలుంది మరి.

సతేందర్ కుమార్ అంతిల్ కేసులో జనవరి 21న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డరు నేను ఈ కుర్రాడు రావడానికి వారం ముందే చదివాను. 41ఏ నోటీసైనా, 35 నోటీసైనా వాట్సాప్‌లాంటి వాటిలో పంపితే చెల్లదు, చట్టంలో చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలి. దాన్ని ప్రింట్ తీసి, ఆ పేరా కింద గీత గీసి ఇచ్చాను. ఈసారి తలకట్టు, తారీఖు, సెక్షన్ మూడుసార్లు చూసుకున్నాను. సీనియర్ గారు కుర్రాణ్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లారు, నేనూ వెళ్లాను. ఎస్సై గారు ప్రింటు రెండుసార్లు చదివారు. "ఇది మాకింకా రాలేదు మేడమ్," అన్నారు నాతో. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే. కానిస్టేబుల్ చేత కాగితం మీద నోటీసు రాయించి, కుర్రాడి సంతకం తీసుకుని, గురువారం రమ్మన్నారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. బయటికొచ్చాక సీనియర్ గారు ముగ్గురికీ చెరుకు రసం ఇప్పించారు.

ఏప్రిల్‌లో ఇంటర్న్‌షిప్ డైరీ మీద వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు పేజీలు చకచకా తిప్పుతున్నారు. కోర్టు హాలు వర్ణనలు, వాయిదాల పట్టికలు, అందరి డైరీల్లోనూ ఉండేవే. ఒకచోట ఆగారు. ఎర్ర ఇంకు రిటర్న్ రాసిన డాకెట్‌కి జిరాక్స్ తీసి అక్కడ అంటించి ఉంచాను.

"ఇది మీరు టైప్ చేసిందేనా?"

"అవును సార్."

"ఎన్ని రోజులు పోయాయి?"

"శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా సార్. మధ్యలో రెండో శనివారం."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ పేజీ మూల చిన్న సంతకం పెట్టి, తర్వాతి పేజీ తిప్పారు.